గడికొక ఆలోచన

ఆ రోజుకి వసుంధర వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడున్నర బస్సుకి భర్తను గుడివాడ పంపించాలి. తొమ్మిది లోపు రామాలయానికి వెళ్ళి తాను రాసిన రామకోటి పుస్తకాలు నాలుగూ అప్పజెప్పాలి. ఇంటికి వచ్చి, మోకాలి కింద తలగడ పెట్టుకుని, మధ్యాహ్నం దాకా పడుకోవాలి. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆమె పగటిపూట పడుకున్నది పురిటి రోజుల్లోనే. ఇవాళ ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి, ఎందుకు పడుకున్నావని అడిగేవాళ్ళూ ఉండరు.

జగన్నాథం తెల్లవారకముందే లేచి, బోరు మోటారు వేసి, స్నానం చేసి, రెండు పెసరట్లు తిని, తెల్ల చొక్కా తొడుక్కుని, స్ట్రైకరు ఉన్న చిన్న డబ్బీని జేబులో పెట్టుకున్నాడు. మచిలీపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆయన సీనియర్ అసిస్టెంటు. నెలాఖరుకి రిటైరు. ఉద్యోగుల క్యారమ్స్ పోటీల్లో ఐదుసార్లు ఫైనల్ దాకా వెళ్ళాడు. ఐదుసార్లూ గుడివాడ ఆఫీసులో పనిచేసే తాతారావు చేతిలోనే ఓడిపోయాడు. ఇది ఆరోసారి. రిటైరైన వాళ్ళను ఆడనివ్వరు కాబట్టి ఇదే ఆఖరుసారి.

ఆట రాక ఓడిపోయినవాడు కాదు. ఆఫీసులో భోజనాల వేళ ఆయన కొడితే రెడ్ కాయిన్ గీత గీసినట్టు వెళ్ళి పాకెట్లో పడేది. ఫైనల్లో కూర్చోగానే మాత్రం గ్యాసు కట్టామా, గేటు వేశామా, వసుంధర మాత్ర వేసుకుందా అన్న ఆలోచనలన్నీ దిగివచ్చి ఆయన వేలి చివర కూర్చునేవి. తాతారావు తీరు వేరు. నందివాడ రైతు కుటుంబం. ఇప్పటికీ పొద్దున పొలం చూసుకునే ఆఫీసుకి వస్తాడు. బోర్డు ముందు ఆయన కూర్చుంటే నీళ్ళలో గేదె పడుకున్నట్టు ఉంటుందని జగన్నాథం అనేవాడు. వెక్కిరింపుగా కాదు, ఒక రకమైన భక్తితో.

ఇంట్లోంచి బయలుదేరడమంటే జగన్నాథానికి పెద్ద తంతు. గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి గ్యాసు చూసేవాడు. మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చి మోటారు స్విచ్చి చూసేవాడు. మూడోసారి తాళం లాగి చూసి, సందు చివరికి వెళ్ళాక, లాగానా లేదా అని అక్కణ్ణించి అడిగేవాడు. ఇవాళ అవేవీ లేవు. "వెళ్ళొస్తాను" అన్నాడు, వెళ్ళాడు. వసుంధర గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. ఫోను ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

"ఏమండీ, ఫోను."

"అక్కర్లేదు. హరిణి వద్దంది" అని మలుపులోంచి వినిపించింది.

హరిణి వాళ్ళమ్మాయి. హైదరాబాదులో ఉద్యోగం. ఆలోచనలు తగ్గించుకునే పద్ధతేదో ఆఫీసు వాళ్ళు పెట్టిన క్లాసుల్లో నేర్చుకుని, పది రోజులుగా తండ్రికి ఫోనులో చెబుతోంది. ఆ పద్ధతి ఏమిటో వసుంధర అడగలేదు. ఇంట్లో ఒకరు ఆలోచించడం మానేస్తే, ఆ ఆలోచనలు రెండోవాళ్ళ మీద పడతాయని మాత్రం ఆమెకు లోపల్లోపల అనుమానం.

దేవుడి అలమరలో తన పుస్తకాలు తీయబోతే నాలుగుకు బదులు ఐదు ఉన్నాయి. ఐదో దాని అట్ట మీద, సీతారాముల బొమ్మ కింద, "పేరు" అన్నచోట "జగన్నాథం" అని ఉంది. లోపల గళ్ళన్నీ నిండినట్టు అంచుల నుంచే సిరా కనిపిస్తోంది. వసుంధర అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. రోజుకి ఒక్క పేజీ రామనామం రాయండి, మనసు కుదుటపడుతుంది అని ఆవిడ ఎన్నేళ్ళుగానో చెబుతోంది. ఆయన చెప్పకుండా రాసేశాడు. అందుకే పొద్దున అంత నిమ్మళంగా వెళ్ళాడన్నమాట. ఆమె పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. ఒకరు రాసిన నామం ఇంకొకరు తెరిచి చూడటం మర్యాద కాదని తెరవలేదు.

*

రామాలయం ముందు వ్యాను సిద్ధంగా ఉంది. దివిసీమలో ఒక ఊళ్ళో కొత్తగా కడుతున్న మండపం పునాదిలో ఈ పుస్తకాలు పెడతారు. వ్యానుకి మామిడి తోరణాలు, రాముడి పటం, పైన రెండు మైకులు కట్టారు. భజన బృందం ఆడవాళ్ళు ఎనిమిది మంది అప్పటికే ఎక్కి కూర్చుని సీట్లు పంచుకుంటున్నారు. డ్రైవరు తోమాసు అద్దం తుడుస్తున్నాడు.

అరుగు మీద కమిటీ కార్యదర్శి గోవర్ధనరావు, రిటైరైన లెక్కల మాస్టారు, ఎర్ర కలంతో పుస్తకాలు తనిఖీ చేస్తున్నారు. కొందరు రెండు గళ్ళకి ఒకసారి రాస్తారు. కొందరు మొదటి పేజీ రాసి మిగతాదంతా ఖాళీగా ఇస్తారు. దేవుడి దగ్గరికి వెళ్ళే లెక్క తప్పుగా ఉండకూడదని ఆయన పట్టుదల.

"మా వారు కూడా రాశారండీ మాస్టారూ" అంది వసుంధర, ఐదో పుస్తకాన్ని అన్నిటికన్నా పైన పెట్టి.

"జగన్నాథం గారా? సంతోషం" అంటూ ఆయన తెరిచారు. మొదటి గడిలో "శ్రీరామ" అని ఉంది. ఎర్ర కలంతో టిక్కు పెట్టారు. రెండో గడి దగ్గర కలం ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"వసుంధరమ్మ గారూ, మీ ఇంట్లో గ్యాసు కట్టారా?"

"కట్టానండీ. ఏం?"

"ఇక్కడ అడుగుతున్నారు."

రెండో గడిలో "గ్యాసు కట్టానా" అని ఉంది. మూడో గడిలో "కట్టాను." నాలుగో గడిలో "కట్టానని ఎందుకు అనుకుంటున్నాను." తర్వాత వరసగా "మోటారు ఆపానా", "గేటు", "గేటుకి నూనె రాయాలి", "గోవర్ధనరావు గారు పొద్దున్నే మైకు అంత గట్టిగా పెట్టకపోతే బాగుండు" అని ఉన్నాయి. ఆ గడి దగ్గర మాస్టారు ఎర్ర కలానికి మూత పెట్టి, మళ్ళీ తీశారు. పుస్తకమంతా అంతే. గడికొక ఆలోచన. ఒక్కటీ ఖాళీ లేదు.

వసుంధరకి తల ఎత్తబుద్ధి కాలేదు. పూలబుట్ట పక్కన పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునే వీరదుర్గ మెడ చాచి చూస్తోంది.

"ఏం రాశారండీ అక్కయ్య గారూ?"

"ఏం లేదే. నీ పని చూసుకో."

"పుస్తకం పూర్తిగా నింపారు, అది మెచ్చుకోవాలి" అంటూ మాస్టారు అలవాటు కొద్దీ ఆఖరి పేజీ తిప్పారు. ఇవాళ్టి తేదీ వేసి ఉంది. ఆయన ముఖం మారిపోయింది. పుస్తకాన్ని మెల్లగా ఆమె వైపు తిప్పారు.

ఆఖరి నాలుగు గళ్ళు ఇలా ఉన్నాయి. "ఛాతీలో పట్టేసినట్టుంది." "గ్యాసే అయ్యుంటుంది." "మా నాన్నకీ గ్యాసే అనుకున్నాం." "వసుంధరకి చెప్పకూడదు."

మామగారు పోయిన రోజు వసుంధరకి బాగా గుర్తుంది. సోడా తెమ్మని అడిగి, అది వచ్చేలోపే పోయారు. ఆమె అరుగు పట్టుకుని నిలబడింది. "ఆయన ఫోను ఇంట్లోనే ఉందండీ" అంది.

వీరదుర్గ ఆ ఒక్క ముక్కా విని వ్యాను దగ్గరికి వెళ్ళింది. అరుగుకీ వ్యానుకీ మధ్య ఉన్న పది అడుగుల్లో ఆ ముక్క పెరిగింది. ఎనిమిది మంది ఆడవాళ్ళూ కిటికీల్లోంచి తలలు పెట్టేసరికి, జగన్నాథం గారు గుండెపోటుతో బస్సులో పడిపోయారనీ, కండక్టరు నీళ్ళు చల్లుతున్నాడనీ తేలింది.

"తోమాసూ, బండి తియ్యి" అన్నారు మాస్టారు. "గుడివాడ."

"దివిసీమ ఇటండి మాస్టారు. గుడివాడ అటు."

"నాకు తెలుసయ్యా. భూగోళం కూడా చెప్పాను నేను. అమ్మా, మీరంతా దిగండి, మనిషి ప్రాణం మీదికి వచ్చింది."

ఎవరూ దిగలేదు. దేవుడి బండి ఎక్కి మధ్యలో దిగకూడదని ఒకావిడ అంది. దిగితే కిటికీ సీటు పోతుందని ఇంకొకావిడ అనుకుంది. చివరికి పటంతో, తోరణాలతో, పుస్తకాలతో, తాళాలతో సహా వ్యాను గుడివాడ రోడ్డు ఎక్కింది. పూలు వాడిపోతాయని వీరదుర్గ బుట్టతో సహా వచ్చింది.

"మోటారు ఆపొచ్చారా అక్కయ్య గారూ?" అని దారిలో అడిగింది.

"ఆయనే ఆపుతారు, ఎప్పుడూ" అంది వసుంధర.

*

పెడన దాటాక హరిణికి ఫోను కలిసింది.

"అమ్మా, కంగారుపడకు. నేనే రాయమన్నాను. బుర్రలోకి ఏదొస్తే అది కాగితం మీద పెట్టేసి, మళ్ళీ చూడకుండా వదిలెయ్యమన్నాను. అప్పుడు మనసు ఖాళీ అవుతుంది. నోటుబుక్కు కొనుక్కో నాన్నా అన్నాను. అలమరలో గళ్ళది ఒకటి ఖాళీగా ఉందే, ఆలోచనకి ఒక గడి చక్కగా సరిపోతుంది అన్నారు."

"అది రామకోటి పుస్తకమే."

"తెలుసన్నారు. అందుకే మొదటి గడిలో శ్రీరామ రాశారట. అవి వట్టి ఆలోచనలమ్మా, నిజాలు కావు."

"ఛాతీలో పట్టేసిందని రాశారు. వాళ్ళ నాన్నకి వచ్చినట్టే అని."

"గుడివాడలో దివ్యశ్రీ ఉంది, నాతో చదువుకుంది, ఇప్పుడు డాక్టరు. దాన్ని అంబులెన్సు తీసుకుని వెళ్ళమంటాను" అంది హరిణి. గొంతులో క్లాసుల్లో నేర్చుకున్నదేదీ మిగల్లేదు.

వసుంధర పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుంది. దేవుడి పుస్తకంలో గ్యాసు సిలిండరు గురించి రాయవచ్చా అని కోపం తెచ్చుకోబోయింది. కాని నిజం ఒప్పుకోవాలంటే, దీపం పెట్టి కూర్చున్నప్పుడు తనకూ గుర్తొచ్చేది సిలిండరే. తాను రాయదు, అంతే తేడా. మరి తన నాలుగు పుస్తకాల్లో ఎన్ని గళ్ళు నిజంగా రాముడివో ఏ మాస్టారు తనిఖీ చెయ్యగలరు?

పేజీలు తిప్పుతుంటే తన పేరు తగిలింది. "వసుంధర మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది." ఇంకో పేజీలో "మోకాలికి ఎక్స్‌రే తీయించాలి. అడిగితే ఏం లేదంటుంది." మరో రోజు "రాత్రి నిద్రలో మూలిగింది." లెక్కపెడదామనుకుని ఇరవై దాటాక మానేసింది. ఇన్నేళ్ళూ మంచం అవతలి వైపు ఈ మనిషి కళ్ళు మూసుకుని చేస్తున్నది ఇదన్నమాట. ఈయన ఈ ఆఖరి ఆట గెలవాలి అని అప్పుడు అనుకుంది. బతికి ఉండాలి, గెలవాలి కూడా. కాపాడబోతే ఆట చెడుతుందనీ, ఈ రెండూ ఒకే బండిలో వెళ్ళి చెయ్యగలిగే పనులు కావనీ గుడ్లవల్లేరు దగ్గర అర్థమైంది.

*

గుడివాడలో ఉద్యోగుల సంఘం హాలు ముందు వ్యాను ఆగింది. వసుంధర కుంటుకుంటూ వెళ్ళి కిటికీలోంచి చూసింది. జగన్నాథం బోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. రంగు బాగుంది, ఊపిరి బాగుంది, ముఖం కడిగిన పళ్ళెంలా ఉంది. అంత ప్రశాంతంగా ఆయన్ని పెళ్ళి పీటల మీద కూడా చూడలేదు. బోర్డు మీద రెడ్, ఆయన తెల్ల కాయిన్ ఒకటి, తాతారావు నల్లవి రెండు మిగిలాయి. చివరి బోర్డు. రెడ్ వేసి, దాని వెంటే తన తెల్లది వేస్తే కప్పు ఆయనదే.

ఆమె వెనక్కి తిరిగి, ఎవరూ మాట్లాడవద్దని పెదవి మీద వేలు పెట్టింది. మాస్టారు అర్థం చేసుకున్నారు. ఆడవాళ్ళు అర్థం చేసుకున్నారు. తోమాసు మాత్రం ఏ ఊళ్ళో బండి ఆగినా మైకు వెయ్యాలని పొద్దున మాస్టారు చెప్పినమాట గుర్తుపెట్టుకున్నాడు.

రామనామం ఒక్కసారిగా హాలు పైకప్పు అదిరేలా మోగింది. అంపైరు ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాడు. ప్రేక్షకుల్లో ఒకాయన చేతిలోని టీ ఒలికింది. జగన్నాథం కదల్లేదు. మైకు ఆపేలోపు అంబులెన్సు మోత వచ్చింది. అప్పుడూ కదల్లేదు. మెల్లగా స్ట్రైకరు సర్ది, వేలితో కొట్టాడు. రెడ్ వెళ్ళి పాకెట్లో పడింది.

వసుంధర కిటికీ ఊచలు గట్టిగా పట్టుకుంది. జగన్నాథం వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాడు.

"ఫాలో, జగన్నాథం గారూ" అన్నాడు అంపైరు.

"ఊఁ?"

"రెడ్ వేశారు కదండీ. ఫాలో వెయ్యాలి."

"అవును కదూ" అన్నాడు ఆయన ఎంతో హాయిగా. ముందుకి వంగి, పాకెట్ అంచున ఉన్న కాయిన్‌ని ముచ్చటగా లోపలికి తోశాడు. అది నల్లది. తాతారావుది.

హాలంతా నిట్టూర్చింది. మనసు ఎంత ఖాళీ అయిందంటే, తన కాయిన్ ఏ రంగుదో కూడా అందులో మిగల్లేదు. రెడ్ తిరిగి బోర్డు మధ్యకి వచ్చింది. ఇప్పుడు తాతారావుకి ఒక్క నల్లదే ఉంది. రెడ్, ఆ నల్లది వేస్తే ఆరోసారి కూడా ఆయనే. తాతారావు ముఖంలో ఏ మార్పూ లేదు. స్ట్రైకరు అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడు, అంబులెన్సు దొరికేసరికి ఇంతసేపైన దివ్యశ్రీ స్టెతస్కోపు పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది. "ఛాతీ నొప్పి ఎవరికండీ?" ఆమె వెనక మాస్టారు, ఆయన వెనక వీరదుర్గ, ఆమె వెనక భజన బృందం. అంపైరు అడ్డుపడ్డాడు. ఆటలో బయటివాళ్ళు రాకూడదు, ఏ ఆధారంతో వచ్చారని అడిగాడు. ఆధారం అడిగితే మాస్టారు ఊరుకునే మనిషి కాదు. పుస్తకం తెరిచి, ఆఖరి పేజీని పై నుంచి, క్లాసులో పాఠం చదివినట్టు, గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"మొన్న సెమీఫైనల్ ఆడుతుంటే చూశాను, తాతారావు గారి చిటికెన వేలు వణుకుతోంది. పోయినేడు లేదు. డాక్టరుకి చూపించుకున్నారో లేదో. అడిగితే ఆట చెడగొట్టడానికి అడిగాననుకుంటారు. ఆయన పొలంలో ఒక్కరే తిరుగుతారు." అక్కడ మాస్టారు ఆగారు. "ఇది కాదు, దీని కింది వరస."

తాతారావు తన చిటికెన వేలు వంక చూసుకున్నాడు. ఐదేళ్ళలో బోర్డు ముందు ఆయన ఏదైనా ఆలోచించడం అదే మొదటిసారి. వేలు వణికింది. దాన్ని ఆపుదామని చూస్తే మిగతా వేళ్ళూ తోడయ్యాయి. కొట్టాడు. రెడ్ పాకెట్ అంచుకి తగిలి, పక్కకి జరిగి నిలబడింది.

"మీకు ఎట్లా తెలిసిందండీ?" అని అడిగాడు జగన్నాథాన్ని. "ఇంట్లోవాళ్ళకే చెప్పలేదు నేను."

జగన్నాథం వినడం లేదు. గుమ్మంలో నిలబడిన వసుంధరను చూశాడు. ఒక కాలి మీద బరువంతా వేసి, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఖాళీగా ఉన్న బుర్రలోకి పది రోజుల సామానంతా ఒక్కసారే తిరిగి వచ్చింది.

"నువ్వెందుకొచ్చావ్? ఆ మోకాలితో ఇంత దూరం ఎట్లా వచ్చావ్? బాబూ, ఎవరైనా ఆవిడకి ముందు కుర్చీ వెయ్యండి" అన్నాడు.

"మీ వంతండీ" అన్నాడు అంపైరు.

"ఉండవయ్యా" అంటూ జగన్నాథం బోర్డు వైపు సగం చూసి కొట్టాడు. రెడ్ పడింది. "చేతుల్లేని కుర్చీ కాదు, చేతులున్నది వెయ్యండి, లేవడానికి ఆనుకోవాలి" అంటూ రెండోసారి కొట్టాడు. తెల్లది పడింది. ఆయన అప్పటికే లేచి వసుంధర దగ్గరికి సగం దూరం వచ్చేశాడు. గెలిచినట్టు మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాకే ఆయనకు తెలిసింది.

*

దివ్యశ్రీ ఇద్దరినీ పరీక్ష చేసింది. జగన్నాథానిది గ్యాసేననీ, ప్రయాణానికి ముందు రెండు పెసరట్లు ఎక్కువనీ తేల్చింది. నమ్మకం కోసం ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈసీజీ కూడా తీసింది. తాతారావుని మాత్రం సోమవారం విజయవాడలో పెద్ద డాక్టరుకి చూపించుకోమంది. ముందుగా తెలిసింది కాబట్టి మందులతో సరిపోవచ్చు అంది. తాతారావు తల ఊపి, గోవర్ధనరావు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"మాస్టారూ, ఆ గళ్ళ పుస్తకం నాకూ ఒకటి ఇప్పిస్తారా?"

"రామనామం రాస్తానంటే ఇస్తాను."

"మొదటి గడిలో రాస్తానండి."

దివిసీమ ప్రయాణం మర్నాటికి వాయిదా పడింది. తిరుగు ప్రయాణంలో వ్యానులో మాస్టారు జగన్నాథం పుస్తకాన్ని మళ్ళీ తెరిచి, చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. పునాదిలో పెట్టవచ్చా లేదా అని వసుంధర అడిగింది.

"లెక్క ప్రకారం ఇందులో ఉన్నది ఒక్క నామమమ్మా" అన్నారు ఆయన. "కాని మనం దేవుడి ముందు మోసుకెళ్ళేది ఇదేగా. ఈయన దాచకుండా రాశారు. పెడదాం." కాసేపాగి, "రేపటి నుంచి మైకు కాస్త తగ్గిస్తాను" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

జగన్నాథం కప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్స్‌రేకి రేపు వెళ్దామా ఎల్లుండి వెళ్దామా అని అడుగుతున్నాడు. వసుంధర కళ్ళు మూసుకుని, ఏ రోజైనా సరేనంది. పొద్దున్నుంచి ఆమె కోరుకున్నది కళ్ళు మూసుకోవడమే. అది ఇప్పటికి, పెడన దగ్గర, ఎనిమిది మంది మధ్య దొరికింది.

సాయంత్రం ఐదింటికి వ్యాను వాళ్ళ సందు మలుపు తిరిగింది. ఎండాకాలం పొడి సందులో నీళ్ళు పారుతున్నాయి. అవి వాళ్ళ గేటు కింద నుంచి వస్తున్నాయి. మేడ మీద ట్యాంకు పొద్దున్నుంచి పొర్లుతూనే ఉంది. ఇంటి వెనక నుంచి మోటారు రొద సన్నగా వినిపిస్తోంది.

మోటారు సంగతి పుస్తకంలో పదకొండు గళ్ళలో ఉందని గోవర్ధనరావు మాస్టారు ఎర్ర కలంతో లెక్కపెట్టి చెప్పారు.